వెస్‌నోత్‌కు మీ తొలి మార్పు: సోర్స్ దించుకోవడం నుంచి మెర్జ్ దాకా

బ్యాటిల్ ఫర్ వెస్‌నోత్ ఆరు పలకల గళ్ల మీద వంతులవారీగా ఆడే యుద్ధ గేమ్. డేవిడ్ వైట్ 2003లో దీన్ని మొదలుపెట్టారు. 1.0 వెర్షన్ 2005 అక్టోబరులో వచ్చింది. అప్పటి నుంచి ఇప్పటిదాకా దీన్ని నడుపుతున్నది వాలంటీర్లే. కోడు, బొమ్మలు, సంగీతం, కథలు, అనువాదాలు అన్నీ ఖాళీ వేళల్లో చేసినవే. కాబట్టి మీరు పంపిన మార్పును చూసే మనిషి కూడా ఉద్యోగమో చదువో ముగించుకుని రాత్రిపూట కూర్చునే మనిషే. ఈ మార్గదర్శి అంతా ఆ ఒక్క విషయం చుట్టూ తిరుగుతుంది: మీ మార్పును చూసేవారు పది నిమిషాల్లో సరిచూసుకునేలా పంపాలి. అలా పంపిన చిన్న మార్పు ప్రాజెక్టు లోపలికి వెళ్తుంది (దీన్నే మెర్జ్ అంటారు), అలా పంపని పెద్ద మార్పు నెలల తరబడి పడి ఉంటుంది.

సీ++ వచ్చి తీరాలని లేదు. గిట్ కొంచెం తెలిసి, కమాండ్ లైనంటే భయం లేకపోతే చాలు. కమాండ్లను, ఫైళ్ల పేర్లను ఇక్కడ పలికే తీరులో రాశాం. టైపు చేసేటప్పుడు మామూలుగా ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి.

ఈ గేమే ఎందుకు

ఓపెన్ సోర్స్ గేములు చాలానే ఉన్నాయి. కార్లు, ట్రాకులు, త్రీడీ మోడళ్లు ఇష్టమైతే సూపర్‌టక్స్‌కార్ట్ చూడండి. దాని కోడు ఒక రిపాజిటరీలో (ఫైళ్లూ వాటి చరిత్రా నిల్వ ఉండే చోటు), బొమ్మలూ ట్రాకులూ ఇంకో రిపాజిటరీలో ఉంటాయి. రెండు ఫోల్డర్లనూ పక్కపక్కనే పెట్టకపోతే గేమ్ తెరుచుకోదు, కొత్తవాళ్లు ఎక్కువగా ఆగిపోయేది అక్కడే. లువా భాషలో చిన్న చిన్న మాడ్‌లు రాసుకోవాలంటే లువాంటీ హాయి. 2024 అక్టోబరు దాకా దాన్నే మైన్‌టెస్ట్ అనేవాళ్లు.

వెస్‌నోత్‌కు ఉన్న సుఖం వేరు. యూనిట్లు (పోరాడే పాత్రలు), క్యాంపెయిన్లు (వరసగా సాగే కథలు), సంభాషణలు అన్నీ డబ్ల్యూఎంఎల్ అనే మార్కప్ భాషలో, మామూలు టెక్స్ట్ ఫైళ్లుగా ఉంటాయి. ఫైలు మార్చి, గేమ్ తొలి తెర మీద ఎఫ్5 నొక్కితే డేటా మళ్లీ లోడ్ అవుతుంది. కంపైల్ చెయ్యాల్సిన పనే ఉండదు. తొలి మార్పుకు ఇంతకంటే దగ్గర దారి దొరకడం కష్టం.

ముందు ఆడండి, తర్వాత పని వెతకండి

కనీసం ట్యుటోరియల్, ఒక చిన్న క్యాంపెయిన్ ఆడాకే రిపాజిటరీ తెరవండి. ఇది మర్యాద కోసం చెప్పే మాట కాదు. పగటి పూట స్పియర్‌మ్యాన్ లాంటి లాఫుల్ రకం యూనిట్లు 25 శాతం ఎక్కువగా కొడతాయని, చీకటి పడ్డాక అంతే తగ్గుతాయని తెలియని వ్యక్తి "నా స్పియర్‌మ్యాన్ దెబ్బ రాత్రి తగ్గిపోతోంది" అని బగ్గు రాస్తాడు. దాన్ని చదివి మూయడానికి ఇంకొకరి సమయం పోతుంది.

పని వెతకడానికి గిట్‌హబ్‌లోని ఇష్యూల (నమోదైన బగ్గుల, పనుల) జాబితాలో "గుడ్ ఫస్ట్ ఇష్యూ" అనే లేబుల్ ఉంటుంది. అందులోంచి ఎంచుకునేటప్పుడు మూడు సంగతులు చూడండి. ఒకటి, బగ్గును మళ్లీ తెప్పించే దశలు ఇష్యూలో రాసి ఉన్నాయా? రెండు, ఆ కింద జరిగిన చర్చ ఒక కొలిక్కి వచ్చిందా? "ఇది అసలు బగ్గేనా" అని డెవలపర్లే వాదించుకుంటున్న ఇష్యూ జోలికి కొత్తవాళ్లు పోకూడదు. మూడు, దాని మీద ఇప్పటికే తెరిచి ఉన్న పుల్ రిక్వెస్ట్ (మార్పును చేర్చుకోమని పంపే అభ్యర్థన) ఉందా? లేకపోతే "నేను దీని మీద పని చేస్తున్నాను" అని ఒక్క వాక్యం రాసి మొదలుపెట్టండి. "నాకు అసైన్ చెయ్యండి" అని అడిగి జవాబు కోసం వారం కూర్చోనక్కర్లేదు.

తొలిసారి ముట్టుకోకూడనివి కూడా ఉన్నాయి. యూనిట్ల ధర, దెబ్బ, హెచ్‌పీ (ప్రాణబలం) లాంటి బ్యాలెన్స్ అంకెలు అందులో మొదటివి. స్పియర్‌మ్యాన్ ధర 14 బంగారం, హెచ్‌పీ 36 అని ఒక సీఎఫ్‌జీ (డబ్ల్యూఎంఎల్) ఫైల్లో రెండు లైన్లుగా కనిపిస్తుంది, మార్చడం క్షణం పని. కానీ ఆ రెండు అంకెల వెనక ఏళ్ల తరబడి ఆడిన మల్టీప్లేయర్ ఆటలు ఉంటాయి. అలాగే ఇంజనులో "కోడ్ శుభ్రం చేశాను" అంటూ నలభై ఫైళ్లు మార్చే పుల్ రిక్వెస్టులు వద్దు. రీడ్‌మీలో ఒక కామా మార్చి పంపడం అసలే వద్దు. 2020 అక్టోబరులో టీ షర్టు కోసం హ్యాక్‌టోబర్‌ఫెస్ట్‌లో (పుల్ రిక్వెస్టులు పంపినవారికి బహుమతి ఇచ్చే ఏటేటా కార్యక్రమం) అలాంటివి వరదలా వచ్చి పడితే, నిర్వాహకులు ఆ నెలలోనే నియమం మార్చి, ఒప్పుకున్న ప్రాజెక్టులకే పరిమితం చెయ్యాల్సి వచ్చింది. ఆ వరదలో మన దేశపు విద్యార్థుల వాటా తక్కువేం కాదు, ఆ చేదు ప్రాజెక్టులను నడిపే చాలామంది మెయింటైనర్లకు ఇంకా గుర్తే.

ఏ బ్రాంచి మీద పని చెయ్యాలి

వెస్‌నోత్ వెర్షన్లలో రెండో అంకె సరిసంఖ్య అయితే అది స్థిర వరుస, బేసి సంఖ్య అయితే అభివృద్ధి వరుస. 2024 మార్చిలో వచ్చిన 1.18 స్థిరం, 1.19 అభివృద్ధి. కొత్త పని మాస్టర్ బ్రాంచి మీదే చెయ్యాలి. స్థిర వరుసకూ ఆ బాగు అవసరమైతే తర్వాత అక్కడికి తీసుకెళ్తారు.

ఈ తేడా ఊరికే పెట్టింది కాదు. స్థిర వరుసలో ఇద్దరు ఆటగాళ్లు నెట్‌లో ఆడుతున్నారనుకోండి. ఒకరి దగ్గర 1.18.2, ఇంకొకరి దగ్గర 1.18.3. ఈ మధ్యలో ఒక యూనిట్ దెబ్బ 7 నుంచి 8 అయిందంటే, ఇద్దరి కంప్యూటర్లూ ఒకే పోరుకు వేర్వేరు ఫలితాలు లెక్కేస్తాయి. దీన్ని అవుటాఫ్ సింక్ అంటారు, ఆట అక్కడితో చెడిపోతుంది. తెర మీది వాక్యాల సంగతీ అంతే. ఇంగ్లిష్ వాక్యంలో ఒక్క అక్షరదోషం దిద్దినా, ఆ వాక్యానికి ఉన్న అన్ని భాషల అనువాదాలూ "ఫజ్జీ" (మళ్లీ సరిచూడాల్సినవి) అయిపోయి, ఆటలో మళ్లీ ఇంగ్లిష్ కనిపిస్తుంది. అందుకే స్థిర వరుసలో స్ట్రింగ్ ఫ్రీజ్ పెడతారు, అంటే తెర మీది వాక్యాలు మార్చనివ్వరు. "అక్షరదోషమే కదా, ఎందుకు తీసుకోలేదు?" అని చిన్నబుచ్చుకునే ముందు ఈ లెక్క గుర్తుంచుకోవాలి.

సోర్స్ దించుకోవడం

గిట్‌హబ్‌లో వెస్‌నోత్ రిపాజిటరీని ఫోర్క్ చేసుకోండి, అంటే మీ ఖాతాలో సొంత కాపీ చేసుకోండి. రెండు దశాబ్దాల చరిత్ర, వేల కొద్దీ బొమ్మలు ఉన్న రిపాజిటరీ కాబట్టి పూర్తి క్లోన్ గిగాబైట్లలో ఉంటుంది. మొబైల్ హాట్‌స్పాట్ మీద పని చేసేవాళ్లు గిట్ క్లోన్‌కు డెప్త్ 1 ఆప్షన్ ఇచ్చి తాజా కాపీ మాత్రమే దించుకోవచ్చు. దీనికో ఇబ్బంది ఉంది: పాత చరిత్ర లేకపోవడంతో "ఈ లైను ఎవరు, ఎందుకు రాశారు" అని చూపించే గిట్ బ్లేమ్ పనిచెయ్యదు. అది గిట్‌హబ్ వెబ్‌లో చూసుకోవచ్చు.

క్లోన్ చేసేటప్పుడు రికర్స్-సబ్‌మాడ్యూల్స్ ఆప్షన్ మరిచిపోకండి. లువా సోర్స్ సబ్‌మాడ్యూల్‌గా వస్తుంది. అది లేకుండా కంపైల్ మొదలుపెడితే లువా హెడర్ ఫైళ్లు దొరకలేదన్న ఎర్రరుతో ఆగిపోతుంది. ఇప్పటికే క్లోన్ చేసేసి ఉంటే గిట్ సబ్‌మాడ్యూల్ అప్‌డేట్, దానికి ఇనిట్, రికర్సివ్ ఆప్షన్లు జోడించి నడపండి.

ఆ తర్వాత అసలు రిపాజిటరీని అప్‌స్ట్రీమ్ అనే పేరుతో రెండో రిమోట్‌గా చేర్చండి. మీ ఫోర్క్ ఆరిజిన్, అసలుది అప్‌స్ట్రీమ్. ప్రతి కొత్త పనికీ అప్‌స్ట్రీమ్ మాస్టర్ నుంచి కొత్త బ్రాంచి తియ్యండి. మీ ఫోర్క్‌లోని మాస్టర్ మీద నేరుగా కమిట్లు చేస్తే, రెండో పుల్ రిక్వెస్ట్ పంపే రోజున మొదటి దాని కమిట్లు కూడా అందులో వచ్చి చేరతాయి.

విండోస్ వాడేవాళ్లకు ఒక హెచ్చరిక. ఎడిటర్ లైను చివరలను విండోస్ పద్ధతిలోకి మార్చేస్తే, మీరు ఒక్క లైను మార్చినా గిట్ డిఫ్‌లో ఫైలు మొత్తం మారినట్టు కనిపిస్తుంది. కమిట్‌కు ముందు గిట్ డిఫ్ చూడండి. పది లైన్లు ఉండాల్సిన చోట ఎనిమిది వందలు కనిపిస్తే కారణం ఇదే.

కంపైల్ చెయ్యాలా, వద్దా

మీ మార్పు డబ్ల్యూఎంఎల్, బొమ్మలు, సంభాషణల వరకే అయితే కంపైల్ తప్పించుకునే దారి ఉంది. తాజా అభివృద్ధి వెర్షన్‌ను రెడీమేడ్‌గా ఇన్‌స్టాల్ చేసుకుని, దాన్ని డేటా-డిర్ అనే ఆప్షన్‌తో మీ క్లోన్ ఫోల్డరు వైపు చూపించి నడపండి. ఇంజను వాళ్లది, డేటా మీది. మాస్టర్‌లో ఈ మధ్యే ఇంజను మార్పులేవైనా చేరి ఉంటే, తెలియని ట్యాగులనో మాక్రోలనో ఎర్రర్లు రావచ్చు. అప్పుడు ఆ విడుదల ట్యాగు దగ్గరి నుంచి ఒక ప్రయోగ బ్రాంచి తీసుకుని దాని మీద పరీక్షించి, మార్పును మాస్టర్ మీదికి తెచ్చుకోవచ్చు. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌తో పని చేసే విద్యార్థికి ఇదే సరైన దారి.

కంపైల్ చెయ్యాల్సిందేనంటే లినక్స్ సులువు. ఉబుంటులో సోర్స్ ప్యాకేజీల జాబితా ఆన్ చేసుకుని, యాప్ట్ బిల్డ్-డెప్ వెస్‌నోత్ అంటే కావలసిన లైబ్రరీలు దాదాపు అన్నీ వచ్చేస్తాయి: బూస్ట్, ఎస్‌డీఎల్2, దాని ఇమేజ్, మిక్సర్ భాగాలు, కైరో, ప్యాంగో, ఫాంట్‌కాన్ఫిగ్, కర్ల్ వగైరా. ఆ తర్వాత కంపైల్ నడిపించడానికి ఎస్‌కాన్స్ గానీ సీమేక్ గానీ వాడవచ్చు. ఎస్‌కాన్స్‌తో అయితే బిల్డ్=డీబగ్, జాబ్స్=2 అని ఇచ్చి మొదలుపెట్టండి.

జాబ్స్ అంకె దగ్గరే ఎక్కువమంది దెబ్బ తింటారు. ప్రాసెసర్‌లో 8 కోర్లు ఉన్నాయని జాబ్స్ 8 ఇస్తారు. సీ++ టెంప్లేట్లు నిండిన ఫైలును కంపైల్ చెయ్యడానికి ఒక్కో జాబుకు ఒక జీబీకి పైగా మెమరీ పట్టవచ్చు. 8 జీబీ ల్యాప్‌టాప్‌లో బ్రౌజరు కూడా తెరిచి ఉంటే మెమరీ చాలక, లినక్స్ కంపైలర్‌ను మధ్యలో చంపేస్తుంది. తెర మీద "కిల్డ్" అనే మాట తప్ప ఇంకేం ఉండదు, జనం దాన్ని కోడ్ తప్పనుకుని గంటలు వెతుకుతారు. 8 జీబీకి 2 లేదా 3 జాబులు, 16 జీబీకి 6 దాకా చాలు. కంపైల్ ఫలితాలను దాచి మళ్లీ వాడే సీక్యాష్ ఇన్‌స్టాల్ చేసుకోండి. తొలి బిల్డుకు అరగంట నుంచి గంట పైన పట్టినా, బ్రాంచి మార్చినప్పుడల్లా మళ్లీ అంత కాలం కూర్చోవాల్సిన పని ఉండదు.

ఒక బగ్గును దగ్గరగా చూద్దాం

క్యాంపెయిన్లలో తరచూ కనిపించే తప్పు ఒకటి తీసుకుందాం. కథానాయకుడు వంతెన దాటగానే అతను ఒక మాట అనాలి. ఆటగాడు ఫిర్యాదు చేస్తాడు: "నేను వంతెన దగ్గరికి పోకముందే శత్రువుల వంతులో ఆ మాట వచ్చేసింది."

ముందు ఆ సంభాషణ ఏ ఫైల్లో ఉందో పట్టుకోవాలి. ఆటలో కనిపించిన వాక్యంలోంచి మూడు నాలుగు మాటలు తీసుకుని డేటా ఫోల్డరులో, ఫైళ్లలో మాటలు వెతికే గ్రెప్ కమాండ్‌తో వెతకండి. వాక్యం మొత్తం పెట్టి వెతికితే చాలాసార్లు దొరకదు. పొడవైన సంభాషణలను ప్లస్ గుర్తుతో లైన్లుగా విడగొట్టి రాసే అలవాటు ఉంది, మీరు వెతికే వాక్యం రెండు లైన్లలో చీలి ఉండవచ్చు.

ఫైలు తెరిస్తే ఒక ఈవెంట్ ట్యాగు కనిపిస్తుంది. దాని పేరు మూవ్‌టు, అంటే ఏదైనా యూనిట్ ఒక గడిలోకి కదిలినప్పుడు నడిచేది. లోపల ఫిల్టర్ ట్యాగులో ఎక్స్, వై అంకెలు మాత్రమే ఉన్నాయి. ఎవరు కదలాలో చెప్పలేదు. కాబట్టి శత్రువు గబ్బిలం ఎగురుకుంటూ వచ్చి ఆ గడిలో వాలినా ఈవెంట్ నడుస్తుంది. దాని మీద ఇంకో దెబ్బ: ఫస్ట్_టైమ్_ఓన్లీ అనే గుణం ఏమీ రాయకపోతే "యెస్" అనే అర్థం. గబ్బిలం వల్ల ఈవెంట్ ఒకసారి ఖర్చయిపోయింది, కథానాయకుడు నిజంగా వంతెన దాటినప్పుడు ఏమీ జరగదు. వంతెన దాటితేనే తలుపు తెరుచుకునే సినారియో (క్యాంపెయిన్‌లోని ఒక ఘట్టం) అయితే ఆట అక్కడే ఇరుక్కుపోతుంది.

దిద్దుబాటు ఒక్క లైను: ఫిల్టర్ లోపల సైడ్=1 (ఆటగాడి పక్షం) చేర్చడం. అయితే ఆగండి. ఆ మాట అనాల్సింది కథానాయకుడా, మన వైపు ఎవరైనానా? సంభాషణ అతని నోటి నుంచే వస్తోంది. మన పక్షపు సాధారణ సైనికుడు వంతెన దాటితే, ఎక్కడో పది గళ్ల అవతల ఉన్న నాయకుడు "ఈ వంతెన కింద నీళ్లు చూడండి" అంటాడు. అప్పుడు సైడ్ కాదు, అతని ఐడీ ఫిల్టర్‌లో పెట్టాలి. మరి ఆటగాడు నాయకుణ్ణి అటు పంపకపోతే? రచయిత ఉద్దేశం ఏమిటో సినారియో లక్ష్యాల్లో చూడండి. అక్కడా తేలకపోతే ఇష్యూలో అడగండి. ఒక్క లైను మార్పుకు ఇంత ఆలోచనా అనిపిస్తుంది గానీ, సమీక్షలో అడగబోయే ప్రశ్న సరిగ్గా ఇదే.

డబ్ల్యూఎంఎల్ రాసేటప్పుడు రెండు పట్టింపులు. ఇండెంట్ నాలుగు స్పేసులు. సీ++ ఫైళ్లలో మాత్రం ట్యాబులు. తెర మీద కనిపించే ప్రతి వాక్యానికీ కోట్ గుర్తుకు ముందు అండర్‌స్కోర్ ఉండాలి. అది మరిచిపోతే ఆ వాక్యం అనువాదకుల ఫైళ్లలోకి ఎప్పటికీ చేరదు.

పరీక్షించడం

ఎఫ్5 నొక్కి డేటా మళ్లీ లోడ్ చేశారు, సేవ్ చేసుకున్న ఆట తెరిచారు, బగ్గు అలాగే ఉంది. మీ దిద్దుబాటు తప్పనుకోకండి. ఆట మధ్యలో చేసిన సేవ్ ఫైలు లోపల ఆ సినారియో ఈవెంట్ల కాపీ కూడా భద్రమై ఉంటుంది. పాత సేవ్ తెరిస్తే పాత ఈవెంటే నడుస్తుంది. సినారియోను మొదటి నుంచి మొదలుపెట్టి చూడాలి.

మొదటి నుంచి ఆడి వంతెన దాకా రావడానికి అరగంట పడుతుంది కాబట్టి డీబగ్ మోడ్ వాడండి. ఆటలో కోలన్ నొక్కితే కింద కమాండ్ పెట్టె వస్తుంది. అందులో డీబగ్ అని కొట్టండి. ఆ తర్వాత క్రియేట్ కమాండ్‌తో మౌస్ ఉన్న గడిలో యూనిట్‌ను పుట్టించవచ్చు, రైట్ క్లిక్ మెనూలోంచి దాని పక్షం మార్చవచ్చు. డ్రాయిడ్ కమాండ్‌తో 2వ సైడును కంప్యూటర్ చేతిలోంచి మీ చేతిలోకి తీసుకుంటే, శత్రువు గబ్బిలాన్ని మీరే వంతెన మీదికి నడిపించి చూడవచ్చు. మూడు సందర్భాలు పరీక్షించండి: శత్రువు ముందు వస్తే, మన సాధారణ సైనికుడు వస్తే, నాయకుడు వస్తే. ఏది చేస్తే ఏమైందో ఒక్కో లైను రాసి పెట్టుకోండి, పుల్ రిక్వెస్ట్‌లో అవే పనికొస్తాయి.

ఇక పనిముట్లు. డేటా లోపలి టూల్స్ ఫోల్డరులో తప్పులు పట్టే డబ్ల్యూఎంఎల్‌లింట్, ఇండెంట్ సరిచేసే డబ్ల్యూఎంఎల్ఇండెంట్ అనే పైథాన్ స్క్రిప్టులు ఉన్నాయి. లింట్‌ను మొదట డ్రైరన్ ఆప్షన్‌తోనే నడపండి. లేకపోతే అది ఫైళ్లను నేరుగా మార్చేస్తుంది, మీకు సంబంధం లేని మార్పులు డిఫ్‌లోకి వచ్చి పడతాయి.

కమిట్, పుల్ రిక్వెస్ట్

ఒక బాగుకు ఒక కమిట్. సందేశం మొదటి లైను యాభై అక్షరాలకు అటూ ఇటూగా, ఏ క్యాంపెయిన్ ఏ సినారియోనో తెలిసేలా ఉండాలి. "బగ్ ఫిక్స్" అని ఊరుకుంటే రెండేళ్ల తర్వాత చరిత్ర తవ్వేవాళ్లకు అది చిత్తు కాగితంతో సమానం. కింద ఒక ఖాళీ లైను వదిలి, కారణం రాయండి: ఫిల్టర్ లేకపోవడంతో శత్రు యూనిట్ వల్ల ఈవెంట్ ఖర్చవుతోంది అని. ఇష్యూ నంబరు ముందు ఫిక్సెస్ అని రాస్తే మెర్జ్ కాగానే ఇష్యూ దానంతటదే మూతపడుతుంది.

ఆటగాళ్లకు కనిపించే మార్పు అయితే ఛేంజ్‌లాగ్ రాయాలి. ప్రధాన ఛేంజ్‌లాగ్ ఫైలును నేరుగా ముట్టుకోకండి. అందరూ ఆ ఒక్క ఫైలునే మార్చడంతో మెర్జ్ గొడవలు వచ్చేవి కాబట్టి, ఇప్పుడు ఛేంజ్‌లాగ్_ఎంట్రీస్ ఫోల్డరులో మీ మార్పుకు విడిగా చిన్న ఎండీ ఫైలు పెడితే చాలు.

పుల్ రిక్వెస్ట్ వివరణలో ఇంతకు ముందు రాసుకున్న మూడు సందర్భాలు, వాటి ఫలితాలు, మీరు పరీక్షించిన వెర్షన్ రాయండి. తెర మీద మార్పు కనిపించేదైతే ముందు, తర్వాత స్క్రీన్‌షాట్లు పెట్టండి. "దయచేసి త్వరగా మెర్జ్ చెయ్యండి, ప్లేస్‌మెంట్‌కు కావాలి" లాంటి మాటలు రాయకండి.

పంపగానే ఆటోమేటిక్ తనిఖీలు మొదలవుతాయి. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటి మీదా బిల్డు అవుతుందా, పరీక్షలు నెగ్గుతున్నాయా, డబ్ల్యూఎంఎల్ దాని స్కీమాకు (ట్యాగుల నియమాలకు) సరిపోతోందా చూస్తారు. ఎర్ర గుర్తు వస్తే కంగారు పడి మూసెయ్యకండి. లాగ్ తెరిచి, పైనుంచి కాకుండా మొదట "ఎర్రర్" అన్న మాట ఎక్కడుందో వెతికి చూడండి. వైట్‌స్పేస్ తప్పయితే ఎడిటర్ లైను చివర మిగిల్చిన స్పేసులే కారణం. మీకు సంబంధమే లేని ఫైల్లో తప్పు చూపిస్తే మాస్టర్‌లోనే ఏదో విరిగి ఉండవచ్చు, ఆ మాటే కామెంట్‌లో రాయండి.

సమీక్ష

జవాబు ఒక్కోసారి గంటలో వస్తుంది, ఒక్కోసారి రెండు మూడు వారాలు పడుతుంది. రెండు వారాలు దాటితే ఒకసారి మర్యాదగా గుర్తు చెయ్యవచ్చు, డిస్కార్డ్‌లోనూ అడగవచ్చు. రోజూ పేరు ట్యాగ్ చెయ్యడం మాత్రం పనిని వెనక్కి నెడుతుంది.

సమీక్షకులు ముక్తసరిగా రాస్తారు. "ఇది ఎందుకు?" అన్న రెండు మాటల ప్రశ్న మన చెవికి కసురుకున్నట్టు వినబడుతుంది గానీ, అడిగింది కారణమే. జవాబుగా "సారీ సార్, మార్చేస్తాను" అని వెంటనే మార్చేస్తే వాళ్లకు కావలసింది దొరకదు. మీ దగ్గర కారణం ఉంటే చెప్పండి, లేకపోతే లేదని చెప్పండి. సార్, మేడమ్ అక్కర్లేదు, అక్కడ అందరూ యూజర్ నేములతోనే పిలుచుకుంటారు.

మార్పులు అడిగితే అదే బ్రాంచికి పుష్ చెయ్యండి. కొత్త పుల్ రిక్వెస్ట్ తెరిస్తే పాత చర్చ అంతా తెగిపోతుంది. చివర్లో కమిట్లను ఒకటిగా నలపమంటే, అప్‌స్ట్రీమ్‌ను ఫెచ్ చేసి, మాస్టర్ మీదికి ఇంటరాక్టివ్ రీబేస్ చేసి, ఫోర్స్-విత్-లీజ్ ఆప్షన్‌తో పుష్ చెయ్యండి. ఉత్త ఫోర్స్ వాడితే, సమీక్షకుడు మీ బ్రాంచి మీద చేసిన చిన్న దిద్దుబాటు ఏదైనా ఉంటే అది మాయమవుతుంది.

బొమ్మలు, శబ్దాలు పంపేవాళ్లకు

యూనిట్ బొమ్మ 72 బై 72 పిక్సెళ్లు, వెనక పారదర్శకంగా ఉండాలి. జట్టు రంగు రావాల్సిన చోట నిర్ణీత మెజెంటా ఛాయలే వాడాలి, ఆట నడిచేటప్పుడు ఇంజను వాటినే ఎరుపో నీలమో చేస్తుంది. కంటికి ఒకేలా కనిపించినా ఛాయ ఒక్క అంకె తేడాగా ఉంటే ఆ పిక్సెల్ గులాబీ రంగులోనే మిగిలిపోతుంది. పెద్ద బొమ్మ గీసి చిన్నదిగా కుదిస్తే జరిగేది సరిగ్గా ఇదే, అంచుల దగ్గర ఛాయలు కలిసిపోతాయి. అసలు సైజులోనే పిక్సెల్ పిక్సెల్‌గా గీయాలి. సంగీతం ఆగ్ వోర్బిస్ ఫార్మాట్‌లో ఇవ్వాలి.

లైసెన్సు దగ్గర రాజీ లేదు. కోడు జీపీఎల్ 2 లేదా ఆ తర్వాతిది. బొమ్మలకూ సంగీతానికీ జీపీఎల్ గానీ క్రియేటివ్ కామన్స్ బై-ఎస్‌ఏ 4.0 గానీ. గూగుల్‌లో దొరికిన బొమ్మ, వాణిజ్యానికి వాడకూడదన్న షరతు ఉన్న బొమ్మ, సినిమా పాటలోంచి కోసిన వీణ ముక్క, ఏవీ చెల్లవు. రిపాజిటరీ మొదట్లోనే ఉండే కాపీరైట్స్ సీఎస్‌వీ ఫైల్లో ప్రతి బొమ్మకూ శబ్దానికీ లైసెన్సు, చేసినవారి పేరు నమోదు చేస్తారు.

తెలుగులోకి తేవాలంటే

ఏ గేమ్‌నైనా తెలుగులోకి తేవడం మొదలుపెట్టే ముందు ఒక పరీక్ష చెయ్యండి. దాని తెర మీద "స్త్రీ", "క్షేత్రం", "యుద్ధవ్యూహం" అనే మూడు మాటలు పడేలా చేసి చూడండి. ఒత్తులు కిందికి దిగి సరిగ్గా కూర్చుంటే ముందుకు పోవచ్చు. అక్షరాలు విడివిడిగా పరుచుకుంటే ఆ ఇంజనుకు మన లిపిని పేర్చడం రాదు, ఎంత అనువదించినా చదవలేం. లువాంటీలో ఈ కారణంగానే హిందీ, కన్నడ అనువాదాలను చాలా వెర్షన్ల బిల్డుల్లో పక్కన పెట్టేశారు. వెస్‌నోత్ అక్షరాలను ప్యాంగో అనే లైబ్రరీతో గీస్తుంది, నోటో సాన్స్ తెలుగు లాంటి ఫాంటు ఉంటే ఒత్తులు సరిగ్గానే వస్తాయి.

అనువాదాలు పీవో ఫైళ్లలో (ఇంగ్లిష్ వాక్యం, దాని అనువాదం జతగా ఉండే టెక్స్ట్ ఫైళ్లు) ఉంటాయి. టెక్స్ట్‌డొమైన్ అనే భాగాలుగా విడగొట్టి ఉంటాయి కాబట్టి అన్నీ ఒకేసారి మీద వేసుకోవద్దు. వెస్‌నోత్, వెస్‌నోత్-లిబ్, వెస్‌నోత్-ట్యుటోరియల్, వెస్‌నోత్-యూనిట్స్ ముందు, క్యాంపెయిన్లు తర్వాత. పీవో ఫైళ్లు దిద్దే పోఎడిట్ ప్రోగ్రామ్‌లో తెరిచి, బహువచన సూత్రంలో రెండు రూపాలు, ఒకటి కానివన్నీ రెండో రూపం అని పెట్టండి.

కొన్ని వాక్యాల మొదట్లో "ఫీమేల్^" లాంటి ముక్క కనిపిస్తుంది. టోపీ గుర్తు దాకా ఉన్నది అనువాదకుడికి ఇచ్చిన సూచన మాత్రమే. దాన్ని గుర్తుతో సహా వదిలేసి తర్వాతి మాటనే రాయాలి. డాలర్ గుర్తుతో మొదలయ్యే పేర్లు, కోణపు బ్రాకెట్ల ట్యాగులు చెక్కు చెదరకూడదు.

మనకు అసలు చిక్కు విభక్తుల దగ్గర వస్తుంది. డాలర్ పేరు వచ్చే చోట ఆటలో ఏ పేరైనా పడవచ్చు. నిలువు గీతతో చరరాశిని ముగించి దానికి "కు" అతికిస్తే "డెల్ఫడార్‌కు" బాగానే ఉంటుంది, "సైనికుడు" పడితే "సైనికుడుకు" అవుతుంది. ప్రతి పేరుకూ సరిపోయేలా వాక్యాన్నే తిప్పాలి: "ఫలానా అనే యోధుడికి 20 బంగారం దక్కింది" అనో, "బంగారం పొందినవారు: ఫలానా" అనో. లింగం తెలియని చోట "వచ్చాడు, వచ్చింది" తప్పించి "రాక", "ప్రవేశం" లాంటి నామవాచకాలతో గట్టెక్కవచ్చు. లెవెల్, టర్న్, హెక్స్ లాంటి మాటలకు మొదటి రోజే ఒక పట్టిక రాసి పెట్టుకోండి. లేకపోతే ఒక తెర మీద "వంతు", ఇంకో తెర మీద "టర్న్" కనిపిస్తాయి.

పంపే ముందు, పీవో ఫైలును ఆట చదివే ఎంవో ఫైలుగా మార్చే ఎంఎస్‌జీఎఫ్ఎంటీని చెక్ ఆప్షన్‌తో నడిపితే చెడిన ఫార్మాట్లు బయటపడతాయి. అదే పనిముట్టు ఇచ్చే ఎంవో ఫైలును ట్రాన్స్‌లేషన్స్ ఫోల్డరులో, తెలుగు కోడు కింద, ఎల్‌సీ_మెసేజెస్‌లో పెట్టి, లాంగ్వేజెస్ ఫోల్డరులో తెలుగుకు ఒక చిన్న సీఎఫ్‌జీ చేరిస్తే ఆటలోనే చూసుకోవచ్చు. బటన్ల మీద మాటలు తప్పకుండా చూడండి. ఇంగ్లిష్‌లో నాలుగక్షరాల మాట మనకు పన్నెండు అక్షరాలై పెట్టె దాటిపోతుంది.

మెర్జ్ అయ్యాక

మార్పు మాస్టర్‌లో చేరితే తర్వాతి అభివృద్ధి విడుదలలో వస్తుంది. స్థిర వరుసకూ కావాలనుకుంటే, అందులో కొత్త వాక్యాలు లేవని, బ్యాలెన్స్ మారదని పుల్ రిక్వెస్ట్‌లోనే చెప్పి 1.18కి తీసుకోవచ్చా అని అడగండి. మన వంతెన బాగు లాంటివి నిస్సంకోచంగా అడగవచ్చు. డేటా లోపలి కోర్ ఫోల్డరులో అబౌట్ సీఎఫ్‌జీ ఫైలు ఉంటుంది. ఆటలోని క్రెడిట్స్ అందులోంచే వస్తాయి, తొలి మార్పుతో పాటు మీ పేరునో యూజర్ నేమ్‌నో అక్కడ చేర్చుకోవచ్చు. తర్వాత ఆ బ్రాంచిని మీ ఫోర్క్‌లో తొలగించి, అప్‌స్ట్రీమ్ మాస్టర్‌ను మళ్లీ ఫెచ్ చెయ్యండి. రెండో పనికి అదే క్యాంపెయిన్‌లో మిగతా మూవ్‌టు ఈవెంట్లను ఒకసారి వరసగా చూడండి. ఫిల్టర్ మరిచిపోయిన చెయ్యి ఒక్కచోటే మరిచిపోయి ఉండదు.